శవపేటిక పక్కన ముక్కాలిపీట

సెప్టెంబర్ 24, శనివారం

కొత్త నోటుబుక్కు కొన్నాను. పాతవి నెడ్రా దగ్గర ఉన్నాయి, ఎక్కడ పెట్టిందో తెలియదు. ఇరవయ్యొక్క ఏళ్లుగా మా భూతాల కొట్టం సంగతులన్నీ ఆవిడే రాసేది. ఏ శనివారం ఎన్ని కేకలు, ఎవరు మధ్యలో పారిపోయారు, ఏ దెయ్యానికి జలుబు చేసింది, అన్నీ. ఈ ఏడాది రాయడానికి ఆవిడ లేదు. లేదంటే పోయిందని కాదు, వంటింట్లో యాపిల్స్ కోస్తోంది. మా కొట్టంలో లేదు, అంతే. వాగుకి అవతల మార్గో అనే ఆవిడ మొక్కజొన్న చేనులో చేరింది. అక్కడ కూడా అక్టోబరంతా జనాన్ని భయపెడతారు. మాకన్నా బాగా భయపెడతారని వాళ్లే చెప్పుకుంటారు.

నలభై ఒక్క ఏళ్ల కాపురం చేసి ఎదుటి పక్షంలో చేరిపోయింది. ఎందుకో నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు.

నేను శవాన్ని. మా ఊరి అగ్నిమాపక దళం వాళ్లు ఏటా హాలోవీన్ నెలలో జనాన్ని భయపెట్టడానికి పెట్టే కొట్టంలో ఆఖరి గది నాది. శవపేటికలో పడుకుని ఉంటాను, జనం వస్తారు, లేస్తాను. పక్కన ముక్కాలిపీట మీద నల్లబట్టల్లో నెడ్రా కూర్చుని ఏడ్చేది. ఏడవడం ఎవరైనా ఏడుస్తారు. విద్యంతా లేవడంలోనే ఉంది. పోస్టుమాన్‌గా ముప్పై ఏళ్లు చేశాను, ఊళ్లో ఒక్కడు కూడా ఆ సంగతి ఎత్తడు. శవం హార్లన్ అంటే మాత్రం పక్క జిల్లా వాళ్లకి కూడా తెలుసు.

నా గళ్ల స్వెట్టర్ కనబడటం లేదు.

అక్టోబర్ 1, శనివారం

ఇరవై రెండో ఏడు, మొదటి రోజు. ఒక్క కేక లేదు.

పొగయంత్రం మొరాయించింది. పొగ లేకపోతే ఎంత గొప్ప శవమైనా ఏం చేస్తుంది? దానికి తోడు జూన్‌లో మార్చిన తుంటి ఎముక. లేచేటప్పుడు కొంచెం టైము పట్టింది. సగం లేచి ఆగాను, ఊపిరి తీసుకోవడానికి. ముందు నిలబడ్డ ఒకావిడ, "మెల్లగా పెద్దాయనా, తొందరేం లేదు" అంది. ద్వారం దగ్గర మా దళం ఎల్వుడ్ ఇంతింత అక్షరాలతో రాయించాడు, వచ్చినవాళ్లు దెయ్యాల్ని ముట్టుకోకూడదు, దెయ్యాలు వచ్చినవాళ్లని ముట్టుకోకూడదు అని. అయినా ఇద్దరు చేరి చెరో రెక్కా పట్టుకుని నన్ను లేపి కూర్చోబెట్టారు. ఆవిడ తన తల్లికి కూడా తుంటి మార్పించాలని, నాకు చేసిన డాక్టరు పేరు అడిగి రాసుకుంది.

నెడ్రా పీట మీదకి ఈసారి క్లీటస్ ఓబర్ వచ్చాడు. క్లీటస్ మా ఊళ్లో నిజంగానే అంత్యక్రియలు జరిపించే మనిషి. శవపేటిక కూడా ఆయన ఇచ్చిందే, మూల సొట్టపోయి ఎవరూ కొనలేదు. రోజూ దుఃఖంతో పనిచేసేవాడు కదా, బాగా ఏడుస్తాడనుకున్నాం. ఆయన ఏడవడు, ఓదారుస్తాడు. లోపలికి వచ్చిన ప్రతివాడికీ చేతిరుమాలు ఇచ్చి, "మీ బాధ నేను అర్థం చేసుకోగలనండీ. ఆయన ఇప్పుడు ప్రశాంతంగా ఉన్నారు" అన్నాడు. నేను లేచేసరికి జనం కళ్లు తుడుచుకుంటున్నారు.

అక్టోబర్ 2

పొగయంత్రం బాగు చేశాం. తప్పు దానిదే.

అక్టోబర్ 5, బుధవారం

పొయ్యి మీద రెండు గిన్నెలు. ఒకటి నా రక్తం, ఒకటి ఆవిడ రక్తం. నాది ఎప్పటిలాగే మొక్కజొన్న పాకం, ఎర్ర రంగు, కొంచెం చాక్లెట్. ఆవిడ గిన్నె మీద మూత, మూత మీద కాగితం, కాగితం మీద "ముట్టుకోకు" అని.

"అందులో ఏం వేశావు?" అన్నాను.

"రక్తం."

"చాక్లెట్ వేశావా?"

"నీ గిన్నె అడుగంటుతోంది, చూసుకో."

నిజంగానే అడుగంటింది. ఆవిడ రక్తం పక్క గిన్నెలో నిగనిగలాడుతూ ఉడుకుతోంది. సాయంత్రం ఆవిడ పక్కింటికి వెళ్లినప్పుడు మూత తీసి ఒక చుక్క నాకాను. ఏదో పుల్లగా తగిలింది. ఏమిటో తెలియలేదు. రాత్రి భోజనాల దగ్గర, "నాలిక ఎర్రగా ఉంది" అంది.

అక్టోబర్ 8, శనివారం

పొగ బ్రహ్మాండంగా వచ్చింది. కేకలు రాలేదు.

నా గది పక్కనున్న తలుపు మీద ఎల్వుడ్ ఎర్రకోడి బొమ్మ గీశాడు, పిరికివాళ్ల గుర్తు అది. ఇక మా వల్ల కాదు బాబోయ్ అన్నవాళ్లు అందులోంచి పారిపోతారు, బయట నల్లపలక మీద వాళ్ల పేరెక్కుతుంది. పోయినేడు ఈపాటికి పలక మీద పందొమ్మిది పేర్లు. ఆ పందొమ్మిదీ నా గదిలోంచి పారిపోయినవే. ఈ రోజు పలక తుడవాల్సిన పని కూడా లేకపోయింది.

అంతా అయ్యాక ఎల్వుడ్ నా పెట్టె అంచు మీద కూర్చున్నాడు. చిన్నప్పటి నుంచి ఒకే బడి. దళానికి పెద్ద వాడే. గొలుసు తీసేసిన మోటారు రంపం పట్టుకుని బయటిదారిలో జనం వెంటపడేదీ వాడే.

"ఒరేయ్ హార్లన్, ఒకమాట చెప్తాను, కోప్పడకు."

"పొగ బాగానే ఉందిరా."

"పొగ గురించి కాదు. ఆఖరి శనివారం లోపు నీ గదిలోంచి ఒక్క పేరైనా పలకెక్కకపోతే నిన్ను కార్ల దగ్గర పెడతాను. నారింజ చొక్కా, చేతిలో లైటు. ఇటు రండి, అటు రండి అనడమే పని. నిలబడి చేసేదే, తుంటికి కూడా మంచిది."

"క్లీటస్‌ని మార్చు. వాడే నా పని చెడగొడుతున్నాడు."

"క్లీటస్ ఏం చేశాడురా పాపం?"

"ఓదారుస్తున్నాడు!"

క్లీటస్ పక్కనే ఉన్నాడు. "క్షమించండి, ముప్పై ఏళ్ల అలవాటు" అని నాకు కూడా ఒక చేతిరుమాలు ఇచ్చాడు. ఇంటికి వచ్చేదాకా అది చేతిలోనే ఉందని చూసుకోలేదు.

కార్ల దగ్గర. నేను. ఈ ఊళ్లో నేనంటే ఆ పెట్టె ఒక్కటే. అది పోతే నేను తుంటి మార్పించుకున్న ముసలాణ్ణి.

అక్టోబర్ 9

మార్గో చేనులో నిన్న పదకొండుమంది పారిపోయారట. చర్చి మెట్ల మీద అందరూ అదే మాట. నేను వినలేదు.

అక్టోబర్ 15, శనివారం

సున్నా.

అక్టోబర్ 16, ఆదివారం

ఇవాళ లైట్లు వేసిన ఆదివారం. చిన్నపిల్లల కోసం మధ్యాహ్నం పూట దీపాలన్నీ వేసి, ముసుగులు తీసేసి కొట్టం చూపిస్తాం. రేపు పెద్దయ్యాక భయపడటానికి వస్తారని.

నాలుగేళ్ల పిల్ల ఒకతి, తేనెటీగ వేషంలో, పెట్టె అంచు పట్టుకుని తొంగి చూసింది.

"నువ్వు చచ్చిపోయావా తాతా?"

"ఆ, పూర్తిగా."

"మరి ఎందుకు మాట్లాడుతున్నావు?"

లేవబోయాను, పీకలోంచి మూలుగొచ్చింది. అది నటన కాదు. పిల్ల జేబులోంచి ఒక మిఠాయి తీసి నా నోట్లో పెట్టి, "కాలు నొప్పా? మా అమ్మమ్మకి కూడా" అంది. తర్వాత ముక్కాలిపీట వైపు చూసింది. క్లీటస్ భోజనానికి వెళ్లాడు, పీట ఖాళీగా ఉంది.

"ఏడ్చే అమ్మమ్మ ఏది?"

"ఈ ఏడు రాలేదమ్మా."

"పోయినేడు నాన్న ఎత్తుకుంటే చూశాను. ఆ అమ్మమ్మంటేనే నాకు భయం. నువ్వంటే భయం లేదు."

నాలుగేళ్ల పిల్లలకి ఏం తెలుస్తుంది?

అక్టోబర్ 18

పోయిన నవంబర్లో దళం విందు రోజున నెడ్రా ఏదో అడిగింది. నేనేదో సరదాకి అన్నాను. ఏమన్నానో గుర్తు లేదు.

అక్టోబర్ 19

గుర్తు లేదు.

అక్టోబర్ 21, శుక్రవారం

ఇది ఎవరికీ చెప్పకూడదు. కాబట్టి రాస్తున్నాను.

మార్గో చేను శుక్రవారాలు కూడా ఉంటుంది. నెడ్రా ఐదింటికే వెళ్లిపోయింది. ఆరున్నరకి నేను బయల్దేరాను. దొంగచాటుగా చూడటం కాదు, ఒక కళాకారుడు ఇంకొకరి కళ చూడటం. వేటకి వెళ్లే కోటు, చెవుల దాకా టోపీ, కొట్టం సామాన్ల పెట్టెలోంచి ఒక పొడుగు మీసం.

గేటు దగ్గర మార్గోనే ఉంది. నా వైపు చూసి, "చూడ్డానికి వచ్చినవాళ్లు వేషాలు వేసుకోకూడదు. మీసం తీసెయ్" అంది.

"ఇది నా సొంత మీసం అమ్మా."

"మీ కొట్టంలో గొడ్డలివాడి మీసం అది. పోయినేడు చూశాను. తీసేసి లోపలికి పో హార్లన్."

హైస్కూలు పిల్లలు ఐదుగురితో కలిపి పంపింది. వాళ్లు పుట్టినప్పుడు వచ్చిన అభినందన కార్డులన్నీ నా సంచిలో మోసినవే. చేనులో మొదట దిష్టిబొమ్మలు, ఒక బావి, బావిలోంచి చెయ్యి. పర్వాలేదు, మామూలు సరుకు. పిల్లలు నవ్వుకుంటూ నడుస్తున్నారు. నేను కూడా లోపల నవ్వుకున్నాను.

మలుపు తిరిగాం. మొక్కజొన్న మధ్యలో వంటిల్లు.

మా వంటిల్లు. నిమ్మకాయల బొమ్మలున్న అదే ప్లాస్టిక్ గుడ్డ, అదే లాంతరు, బల్లకి అటూ ఇటూ రెండు కుర్చీలు. ఒక కుర్చీ ఖాళీ, దాని వీపు మీద నా గళ్ల స్వెట్టర్. రెండో కుర్చీలో నెడ్రా, వంటింటి గౌనులో, తల దించుకుని యాపిల్ తొక్క తీస్తోంది. తొక్క ఒకే పొడుగు చుట్టగా దిగుతోంది, దాని వెంట ఎర్రగా కారుతోంది. ఎక్కడా తొందర లేదు. మమ్మల్ని చూడలేదు. చాకు చప్పుడొక్కటే, సర్ సర్ అని. పిల్లల నవ్వు ఎప్పుడు ఆగిపోయిందో నాకు తెలియదు.

చాకు ఆగింది.

ఎంతసేపు ఆగిందో చెప్పలేను. ఆవిడ మెల్లగా తలెత్తింది. ఐదుగురినీ దాటుకుని నా కళ్లలోకి చూసింది.

"హార్లన్," అంది. మామూలు గొంతే. "చెత్తడబ్బా బయట పెట్టావా?"

పెట్టలేదు.

తర్వాత జరిగింది తక్కువ మాటల్లో రాస్తాను. అరిచాను. పరిగెత్తాను. కొత్త తుంటితో డాక్టరు పరిగెత్తవద్దన్నాడు, అయినా పరిగెత్తాను. వీళ్ల కోడిబొమ్మ తలుపు మా దానికన్నా పెద్దది, అంతవరకు సంతోషం. బయటపడి కారు పట్టుకుని నిలబడితే వెనకే ఐదుగురు పిల్లలూ వచ్చి పడ్డారు. ఒకడు, "తాతా, మీ బూటు" అని చేతికిచ్చాడు.

మార్గో పలక మీద నలభై మూడో పేరు నాది. పూర్తి పేరు రాసింది, ఇంటిపేరుతో సహా.

అక్టోబర్ 22, శనివారం

పొద్దున కాఫీ దగ్గర నెడ్రా, "చెత్తడబ్బా నేనే పెట్టాను" అంది. మొహంలో ఏమీ లేదు. నాకు గుడ్డు పొరటు వడ్డించి పేపరు చదువుకుంది.

కొట్టంలో ఇవాళ ఒకతను కోడిబొమ్మ తలుపు తోసుకుని బయటికి పోయాడు. ఎల్వుడ్ సుద్దముక్క పట్టుకుని ఆనందంగా పరిగెత్తాడు. అతనికి ఫోన్ వచ్చిందట.

మిగిలింది ఒక్క శనివారం.

అక్టోబర్ 24, సోమవారం

నెడ్రా పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లింది. నేను ఇల్లంతా వెతికాను. ఆవిడ చేసే విద్య ఏదో ఆ పాత నోటుబుక్కుల్లో ఉంటుంది, అది పట్టుకుంటే నా పెట్టె నాకు దక్కుతుంది, అదీ ఆలోచన. విగ్గుల పెట్టెలో, అడుగున దొరికాయి. ఇరవయ్యొక్కటి. విగ్గుల పెట్టె పక్కనే నేల మీద కూర్చుని చదివాను. కొన్ని ఇక్కడ దింపుకుంటున్నాను. వాటిలో హా. అంటే హార్లన్, నేనే.

"2004, అక్టోబర్ 16. హా. తొందరపడి లేవబోయాడు. దగ్గాను. అందరూ నా వైపు తిరిగారు. అటు తిరిగేసరికి అతను కూర్చుని ఉన్నాడు. కేకలు పద్నాలుగు."

"2008. అతనికి చెప్పలేదు. ఏడుపులో ఏమీ లేదు, ఏడుపు ఆపడంలోనే ఉంది. ఆపాక మనసులో మూడు అంకెలు. అప్పుడు అతను లేస్తే అందరూ చస్తారు. అతను ఏడుపు ఆగగానే లేస్తున్నాడు. అందుకని ఏడుపు ఆపకముందే పెట్టె మూతని మోకాలితో ఒత్తి పట్టుకుంటున్నాను. వదిలినప్పుడు లేస్తున్నాడు."

మూత బిగుసుకుందనుకునేవాణ్ణి. ఏటా దానికి నూనె రాసేవాణ్ణి.

"2011, అక్టోబర్ 22. హా. నిద్రపోయాడు. గురక. అది వినబడకుండా గట్టిగా ఏడ్చాను. తర్వాత పెట్టెని తన్నాను. ఉలిక్కిపడి లేచాడు. కేకలు ఇరవై, పలక మీద ఆరుగురు. ఇంటికొచ్చాక 'ఇవాళ అదరగొట్టాను కదూ' అన్నాడు. అవునన్నాను. సంతోషంగా పడుకున్నాడు."

ఆ రోజు నాకు బాగా గుర్తు. నా జీవితంలో గొప్ప రోజుల్లో అదొకటని అందరికీ చెబుతుంటాను.

ఆఖరి నోటుబుక్కు ఆఖరి పేజీలో, పోయిన నవంబర్ విందు తేదీ వేసి, రెండే మాటలున్నాయి.

"అడిగాను. నవ్వారు."

అక్టోబర్ 25, మంగళవారం

గుర్తుంది. మొదటి నుంచీ గుర్తుంది.

దళం హాల్లో అందరూ పళ్లేల ముందు కూర్చుని ఉన్నారు. నెడ్రా లేచి నిలబడింది. అంతమంది ముందు తను ఎప్పుడూ మాట్లాడదు. "వచ్చే ఏడు ఒక్క శనివారం నేను పెట్టెలో పడుకుంటాను" అంది. చెంపలు ఎర్రబడ్డాయి. నేను చెంచాతో గ్లాసు మీద కొట్టి, "నువ్వా? నిన్ను పెట్టెలో పడుకోబెడితే జనం జోలపాట పాడి వెళ్లిపోతారు" అన్నాను. హాలంతా పగలబడి నవ్వింది. నాకు ఆ నవ్వు ఎంతో నచ్చింది కూడా. తను కూర్చుంది, చిలగడదుంపల గిన్నె పక్కవాళ్లకి అందించింది.

ఇవాళ సాయంత్రం వంటింట్లో చెప్పాను.

"పోయిన నవంబర్లో నువ్వు పెట్టె అడిగావు కదా."

"అడిగాను."

"నేను నవ్వాను."

"నువ్వొక్కడివే నవ్వితే నవ్వుకో అని ఊరుకునేదాన్ని. ఊరందరి చేతా నవ్వించావు."

"తప్పు చేశాను నెడ్రా."

"ఆ తప్పు అప్పుడే తెలిసిందా, పలక ఖాళీగా ఉంటే తెలిసిందా?"

ఇక్కడ అబద్ధం చెప్పవచ్చు. నోటిదాకా వచ్చింది.

"పలక చూశాకే తెలిసింది," అన్నాను. "నీ నోటుబుక్కులు కూడా చదివాను. పెట్టె మూతకి పద్నాలుగేళ్లు నూనె రాశాను."

తన పెదవి ఒక పక్క కొంచెం కదిలింది. నవ్వు కాదు, కానీ నవ్వు ఉండే చోటే. నాకు ధైర్యం వచ్చింది, వెంటనే పాడు చేసుకున్నాను.

"అయితే శనివారం వచ్చేస్తావా? వస్తే నా పెట్టె నిలబడుతుంది."

"చూశావా? తప్పు చేశానంటూనే పెట్టె దగ్గరికి వెళ్లిపోయావు. మార్గోకి మాటిచ్చాను. ఆఖరి రోజు దాకా ఆ చేను వదలను."

"మరి నేనేం చెయ్యను?"

"ఆ పీట మీద ఒక్క శనివారం కూర్చో. తర్వాత మాట్లాడదాం."

అక్టోబర్ 27

ఏడవడం ప్రాక్టీసు చేస్తున్నాను. గరాజులో. పక్కింటివాళ్ల కుక్క జవాబిచ్చింది.

అక్టోబర్ 29, శనివారం

ఎల్వుడ్‌కి ముందే చెప్పేశాను. "పెట్టె నాకొద్దు. క్లీటస్‌ని పడుకోబెట్టు, నేను పీట మీద కూర్చుంటాను."

"నువ్వు ఏడుస్తావా?"

"ఏడుస్తాను."

"ఒరేయ్, తుంటితో పాటు ఇంకేమైనా మార్చారా నీకు?"

నెడ్రా నల్లగౌను నాకు భుజాల దాకానే ఎక్కింది. ముసుగు, శాలువా మాత్రం వేసుకున్నాను. క్లీటస్ తన మంచి సూటు తొడుక్కుని వచ్చి పెట్టెలో పడుకున్నాడు. కాసేపటికి లోపల్నుంచి, "ముప్పై ఏళ్లుగా వీటిని అమ్ముతున్నాను కానీ, ఎప్పుడూ పడుకుని చూడలేదండీ. అంత మెత్తగా ఏం లేదు. అందరికీ మెత్తగా ఉంటుందని చెప్పాను" అన్నాడు. గొంతులో నిజమైన బాధ.

ముక్కాలిపీటకి వీపు ఆనించుకునే చోటు లేదు. గోడ పలకల సందులోంచి వచ్చే చలిగాలి సరిగ్గా మెడ మీదే కొడుతుంది. ఇరవయ్యొక్క ఏళ్లు. నేను పెట్టెలో దుప్పటి కప్పుకుని పడుకునేవాణ్ణి.

మొదటి గుంపు వచ్చింది. ఏడుపు రాలేదు. గరాజులో వచ్చిన ఏడుపు కూడా రాలేదు. అప్పుడు ఆ రెండు మాటలు గుర్తొచ్చాయి, అడిగాను, నవ్వారు. ఆ తర్వాత నటించాల్సిన పని లేకపోయింది. ఒకావిడ, "అయ్యో, బాగానే ఏడుస్తున్నాడే" అంది పక్కవాడితో.

ఏడుపు ఆపాను. ఒకటి. రెండు. పెట్టె మూతని మోకాలితో ఒత్తి పట్టుకునే, చిన్నగా దగ్గాను. అందరూ నా వైపు తిరిగారు. మూడు. మోకాలు తీశాను.

క్లీటస్ లేచి కూర్చున్నాడు. కేక వెయ్యలేదు, చేతులు చాచలేదు. టై సరిచేసుకుని, ఎప్పుడూ ఉండే ఆ మర్యాదైన గొంతుతో, "రండి. మీ కోసమే ఎదురుచూస్తున్నాను" అన్నాడు.

మా ఊళ్లో సగం మంది తల్లిదండ్రుల్ని సాగనంపిన మనిషి ఆయన. కోడిబొమ్మ తలుపు ఒక బందు ఊడిపోయింది. మూడో గుంపులో జిల్లా జడ్జి ఉన్నాడు, ఆయన తలుపు వెతుక్కోలేదు, గోడలోంచే పోవడానికి ప్రయత్నించాడు.

పలక మీద ఏడుగురు. అందరూ క్లీటస్ చుట్టూ చేరి వీపు చరిచారు. "ఇన్నాళ్లూ ఎక్కడ దాక్కున్నావయ్యా!" అన్నాడు ఎల్వుడ్. నేను ముసుగు మడతపెడుతూ కొంచెంసేపు అక్కడే తచ్చాడాను. చివరికి ఎల్వుడ్ నా వైపు తిరిగి, "నువ్వూ బాగానే ఏడ్చావులే. ఏడవడం ఎవరైనా ఏడుస్తారనుకో" అన్నాడు.

నా మాటే. వాడికి నేర్పింది నేనే.

ఇంటికొచ్చేసరికి నెడ్రా సింకు దగ్గర చేతులకున్న ఎరుపు కడుక్కుంటోంది.

"ఎంతమంది?"

"ఏడుగురు."

"ఎలా లేపావు?"

"మోకాలితో పట్టుకున్నాను. దగ్గాను."

"ఎన్ని అంకెలకి?"

"మూడు."

చేతులు తుడుచుకుని వేడినీళ్ల సంచి నింపి, అడక్కుండానే నా మెడ వెనక పెట్టింది. ఆ గాలి ఎక్కడ తగులుతుందో తనకి తెలుసు.

"నీ రక్తంలో ఏం వేస్తున్నావు?" అన్నాను.

"దానిమ్మ రసం," అంది.

అక్టోబర్ 30

మెడ పట్టేసింది. క్లీటస్‌కి ఫోన్ చేసి పెట్టె ఒక్కరోజు ఇంటికి కావాలన్నాను. ఎవరి కోసం అని గొంతు తగ్గించి అడిగాడు. నెడ్రా కోసం అన్నాను. మీ బాధ నేను అర్థం చేసుకోగలనండీ అన్నాడు. మళ్లీ మొదట్నుంచి చెప్పాల్సి వచ్చింది.

అక్టోబర్ 31, సోమవారం

హాలోవీన్ నాడు కొట్టమూ ఉండదు, చేనూ ఉండదు. ఎవరి వరండా వాళ్లదే, పిల్లలు వేషాలేసుకుని మిఠాయిల కోసం ఇంటింటికీ వస్తారు. క్లీటస్ మధ్యాహ్నం మూడింటికి పెట్టెని తన నల్ల శవవాహనంలోనే తెచ్చాడు, అది తప్ప దేనిలోనూ పట్టలేదట. నాలుగింటికి ఎదురింటావిడ, ఆ బండి చూసి, కళ్లు తుడుచుకుంటూ చావింటికి తెచ్చే వేడివేడి బంగాళాదుంపల వంట పళ్లెం పట్టుకొచ్చింది. తలుపు నెడ్రానే తీసింది. పళ్లెం కింద పడలేదు, అదొక్కటే అదృష్టం. రాత్రికి అదే తిన్నాం, చాలా బాగుంది.

వరండాలో పెట్టె, పక్కన పీట. నెడ్రా వంటింటి గౌనులోనే పడుకుంది, యాపిల్ చేతిలో పట్టుకుని. నేను నా గళ్ల స్వెట్టర్ వేసుకుని ముసుగు కప్పుకున్నాను. మిఠాయిల గిన్నె పెట్టెలోనే, తన పొట్ట మీద పెట్టింది. కావాలంటే దగ్గరికి రావాలి మరి.

పడుకునే ముందు విగ్గుల పెట్టెలోంచి తన నోటుబుక్కు తెచ్చి నా ఒళ్లో పడేసింది. "ఇవాళ్టిది నువ్వు రాయి. పీట మీద కూర్చున్నవాళ్లదే ఆ పని."

రాశాను. ఆ పేజీనే ఇక్కడ మళ్లీ దింపుకుంటున్నాను.

"అక్టోబర్ 31. మా వరండా. నె. పెట్టెలో, మొదటిసారి. ఎవరూ జోలపాట పాడలేదు. తేనెటీగ పిల్ల వీధి చివరి దాకా ఆగకుండా పరిగెత్తింది, మళ్లీ వచ్చి ఇంకోసారి అంది. ఎల్వుడ్ రంపం వదిలేసి పారిపోయాడు. నేను ఒకసారి కంగారుపడి రెండో అంకెకే దగ్గాను. నె. కదలకుండా ఉండి సర్దేసింది, ఎవరికీ తెలియలేదు. కేకలు ముప్పై ఒకటి. అందులో ఒకటి నాది."